రాగం తీసేస్తే

"రాగం తీసేస్తే ఏం మిగుల్తదయ్యా?" అన్నారు మా గైడ్. పాటలు కూడా సాహిత్యమేనని నేను పెట్టిన పీహెచ్‌డీ టాపిక్‌ను ఆ ఒక్క మాటతో పక్కన పడేశారు. కమిటీ ముందు జవాబు చెప్పుకోలేకపోతే నా సీటు పోతుంది. నాకు ఒళ్లు మండిపోయింది. డప్పు లేకపోతే పాట చచ్చిపోతుందనేవాళ్లంటే నాకు ఇప్పటికీ పడదు.

ఆ రోజుల్లోనే హాస్టల్ మెస్ కాంట్రాక్టర్ మీద ఒక పాట కట్టాను. "మా ఆకలి పునాది మీద మేడ కట్టినవ్ దొరా, మెట్టు మెట్టుకు మా పేగులే పరిచినవ్ దొరా." క్యాంపస్‌లో పాట కట్టినవాడు పేరు చెప్పుకోడు. ఎవరు గొంతెత్తితే పాట వాళ్లదే. నా రూమ్మేట్ ఎత్తుకున్నాడు. చూస్తుండగానే మెస్‌లో ఉల్లిగడ్డలు కోసేవాళ్ల నోట కూడా అదే పాట.

ఒక సాయంత్రం మేమిద్దరం తార్నాకలో చాయ్ తాగుతుంటే కాంట్రాక్టర్ తన మనుషులతో వచ్చాడు. "ఎవడు రాసిండురా?" అంటూ రూమ్మేట్ తలను గోడకేసి కొట్టాడు. నుదురు పగిలి నెత్తురు చాయ్ కప్పులో పడింది. అయినా వాడు నా పేరు బయటపెట్టలేదు.

"నేను రాసిన. వాన్ని ఇడ్సిపెట్టుండ్రి" అన్నాను.

నా జుట్టు పట్టుకున్నాడు. "పాడకు. ఉత్తగ చెప్పు."

మొదటి పాదం చెప్పాను. చెంప పగిలింది. రెండోది చెప్పాను. ఇనుప స్టూలు తీసి మూతి మీద కొట్టాడు. పన్ను ఊడి నాలుక మీదికొచ్చింది. మళ్లీ చెప్పమన్నాడు. పొగరుతో మళ్లీ చెప్పాను. కింద పడేసి చెయ్యి తొక్కాడు, ఎముక విరిగిన చప్పుడు వినబడింది. కొడుతూ కొడుతూ అతనే ఏడ్చాడు.

"నా బిడ్డ మెస్సుల విన్నదిరా. ఇంట్ల మెట్లెక్కుతలేదు. ఎవరి పేగులు డాడీ అని అడుగుతున్నది. ఏం చెప్పాల్రా?"

దవాఖానాలో రూమ్మేట్ తలకు కట్టుతోనే నవ్వాడు. "ఇన్నాళ్లకు నీ పాటకు సరైన దరువు పడ్డదిరా." నాకు నవ్వు రాలేదు.

కమిటీలో గైడ్ మళ్లీ అదే ప్రశ్న వేశారు. పెదవికి కుట్లున్నాయి, పాడే ప్రసక్తే లేదు. రెండు పాదాలూ ఉత్తగా చెప్పి, ఆ పాప సంగతి చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు.

"ఇంకోసారి చెప్పు" అన్నారు.

చెప్పలేకపోయాను. నన్ను ఆపింది కుట్ల నొప్పి కాదు. టాపిక్ పాసయింది. ఆ పాప మెట్లెక్కిందో లేదో నాకు ఇవాళ్టికీ తెలియదు.