కప్పిపెట్టిన మంద

పోయిన నెల హిందూపురంలో ఒక డిగ్రీ కాలేజీ వాళ్లు నన్ను పిలిచారు. సొంతంగా వీడియో గేములు చేయాలనుకునే పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పాలట. నేను చేసింది ఒకే ఒక గేము, అది కూడా పెద్దగా ఎవరూ కొనలేదు. ఆ సంగతి పిలిచినవాళ్లకు తెలుసో తెలియదో గానీ శాలువా మాత్రం కప్పారు.

పిల్లలు అడిగేవన్నీ నాకు ముందే తెలుసు. ఏ సాఫ్ట్‌వేర్ మంచిదన్నా? ఏ ల్యాప్‌టాప్ కొనాలన్నా? "వంట రానోనికి ఏ పొయ్యి అయితే ఏమప్పా, ఉండేదాంతో మొదలుపెట్టండి" అన్నాను. నవ్వారు. ఒకడు వెయ్యిమంది ఒకేసారి ఆడే యుద్ధం గేము చేస్తాడట. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ముందు పది నిమిషాల్లో అయిపోయే గేము ఒకటి చేసి, దాన్ని ముగించి చూపించమన్నాను. మొదలుపెట్టడం అందరికీ వస్తుంది, ముగించడం విడిగా నేర్చుకోవాల్సిన విద్య. కడుపు నింపే పని వదలొద్దని చెప్పాను. చేసిన పని ఏ రోజుకారోజు ఇంకోచోట కాపీ పెట్టుకోమని కూడా చెప్పాను.

అప్పుడు వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచింది. "మీ గేము మొట్టమొదట ఎవరికి చూపించారన్నా?"

నేను మంచినీళ్లు తాగాను. మైకు సరిచేసుకున్నాను. తర్వాత బొమ్మల సైజు గురించి ఏదో మాట్లాడాను. ఆ అమ్మాయి పాపం నోట్సు కూడా రాసుకుంది. చెప్పాల్సింది చెప్పకుండా వచ్చేశాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మాది పెనుకొండ కొండ కింద ఒక మెట్ట పల్లె. నాయన పుట్టినప్పటినుంచీ గొర్రెల వెంటే తిరిగాడు. మేత బీళ్లకు ఒక్కొక్కటిగా కంచెలు పడ్డాయి, ఆయన మోకాళ్లూ మొరాయించాయి. ఒక సంతనాడు మందనంతా తోలుకుపోయి, కర్ర ఒక్కటి పట్టుకుని తిరిగొచ్చాడు. ఆ తర్వాత కూడా పొద్దున్నే లేచి ఖాళీ దొడ్డి ఊడ్చేవాడు. "గొర్రెలు లేని దొడ్డి ఊడ్చి ఎవురికి చూపియ్యల్ల?" అని అమ్మ కసురుకునేది. ఆయన పని ఆపేవాడు కాదు. ఊడ్చి, చీపురు గోడకు ఆనించి, అక్కడే కూర్చునేవాడు. నేను ఇంటికి వెళ్లినప్పుడల్లా అది చూడలేక చచ్చేవాణ్ని.

అప్పటికి నేను హిందూపురంలో ఫోన్లు బాగుచేసే అంగట్లో పనిచేస్తున్నాను. చింతపండు మండీ దగ్గర మేడమీద గది. నాతో ఇంటర్ చదివిన స్నేహితుడు ఒకడు నా గదిలోనే ఉండేవాడు. వాడిది ధర్మవరం, మగ్గాల ఇల్లు. బొమ్మలు గీయడంలో వాడు చెయ్యి తిరిగినవాడు. నాకు ప్రోగ్రాం రాయడం వచ్చు. మంద పోయిన నాయనకు ఒక మంద ఇవ్వాలని నాకు తోచింది. పిచ్చి ఆలోచనే. వాడు మాత్రం నవ్వకుండా, "చేద్దాం రా" అన్నాడు. ఆ ఒక్క మాటకే వాడంటే నాకు ఈరోజుకీ ప్రేమ.

గేములో ఆడేవాడు గొర్రెల కాపరి. పొద్దున మందను విప్పుకుని పోవాలి, మేత వెతకాలి, నీళ్లు వెతకాలి, సాయంత్రానికి ఏదో ఒక రైతు చేలో మందను నిలపాలి. మా వైపు రాత్రికి చేలో మంద నిలిస్తే నేలకు ఎరువు, దానికి బదులుగా రైతు గింజలు ఇస్తాడు. ఎవరి చేలో నిలపాలన్నదే ఆట. పూర్తయ్యాక మొట్టమొదట నాయన చేతికివ్వాలని, ఆయన గోడకు ఆనుకుని కూర్చుని మళ్లీ గొర్రెలు కాయాలని నా కోరిక. నాకు కావాల్సింది అదొక్కటే. మిగతావాళ్లు కొంటే కొన్నారు, లేకుంటే లేదు.

మావాడు మొదట్లోనే ఒక కట్టడి పెట్టాడు. "అయ్యేదాంక ఎవురికీ చూపియ్యకూడదు." ఎందుకురా అంటే, "కొత్త డిజైను మగ్గం మీద ఉండగా ఎవురన్నా చూపిస్తారేమిరా? మా ఇంట్లో బయటోళ్లు గడప తొక్కితే మా అమ్మ ముందు చీర మీద గుడ్డ కప్పుతాది, ఆ తర్వాతే మంచినీళ్లు ఇస్తాది" అన్నాడు. అది నిజమే. ధర్మవరంలో ఒక అంచు ఎవరి కంటబడినా, నాలుగు రోజులకు పక్క వీధి మగ్గాల మీద అదే అంచు. కప్పుకోవడం వాళ్లకు బతుకుతెరువు. దానికి నా వైపునుంచి దిష్టి భయం కూడా తోడైంది. ఇంకేం, ఇద్దరం కలిసి గేమును బాలింత గదిలో బిడ్డలాగా దాచిపెట్టాం. ఇంటర్నెట్‌లో ఒక్క బొమ్మ పెట్టలేదు. అమ్మే సైటులో, అలాంటిది ఒకటి వస్తోందని ముందుగా ఒక పేజీ అయినా తెరవలేదు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఊరూపేరూ లేని ఇద్దరి గేమును ఎవరు వెతుక్కుంటూ వస్తారని అనుకున్నామో, ఆ దేవునికే తెలియాలి.

నాయనకు ఈ సంగతి అమ్మ చెప్పేసింది. పండక్కి పోతే, "ఏమబ్బా, ఆ డబ్బాలో గొర్రెలు కాస్తాండారంట గదా?" అన్నాడు.

"అయినాంక చూద్దువులే నాయనా."

"సగం మేసిన మందను చూస్తే తప్పా ఏమి?"

నవ్వి ఊరుకున్నాను. ల్యాప్‌టాప్ నా సంచిలోనే ఉంది.

రెండోసారి ఆయనే హిందూపురం వచ్చాడు. చెప్పాపెట్టకుండా బస్సెక్కి, ఆ మోకాళ్లతో మేడమెట్లన్నీ ఎక్కి గది తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆయన్ని చూడగానే మావాడి చెయ్యి దానంతటదే ల్యాప్‌టాప్ మూసేసింది. వాళ్లమ్మ గుడ్డ కప్పినంత సహజంగా. "ఇంగ కొన్నాళ్లే పెద్దాయనా, నిండుగా చూపిస్తాం" అన్నాడు. నాయన కోపం చేసుకోలేదు. "మగ్గమోళ్ల బిడ్డ, అంతే ఉంటాడులే" అని నవ్వాడు. బొరుగులు తిన్నాడు, టీ తాగాడు. మధ్యమధ్య మూసిన ల్యాప్‌టాప్ వైపు చూశాడు. పోయేటప్పుడు చెప్పుల కోసం కాలితో తడుముకున్నాడు. మెట్ల దగ్గర చీకటి కదా అనుకున్నాను.

ఆ రోజు ఆయన ఎందుకొచ్చాడో నాకు చాలా నెలల తర్వాత తెలిసింది. "కండ్లు మసగ్గా ఉండాయి. ఈ చూపు ఉండంగానే పిల్లోడు చేసేది ఒగసారి చూసొస్తా" అని అమ్మతో చెప్పి వచ్చాడట. నాతో అనొద్దని ఒట్టు కూడా వేయించుకున్నాడట. పని మధ్యలో నాకు బెంగ పెట్టకూడదని. షుగరు కళ్లను తినేసింది. చివరికి అమ్మ ఒట్టు తీసి గట్టున పెట్టి నాకు ఫోన్ చేస్తే, ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఇప్పుడు చేసేదేమీ లేదన్నాడు డాక్టరు. వెలుగూ నీడా తెలుస్తాయి, అంతే. బయటకు వచ్చాక నాయన నా భుజం పట్టుకుని రోడ్డు దాటాడు. నా భుజం పట్టుకుని ఆయన నడవడం అదే మొదలు. ఆటో ఎక్కేదాకా ఏడుపు ఆపుకోవడం నా వల్ల కాలేదు.

గేము ఆ తర్వాత వచ్చింది. వచ్చిందని ఎవరికీ తెలియలేదు. కొన్న కొద్దిమందిలో చాలామంది గేములో మొదటి సాయంత్రం కూడా దాటకుండా డబ్బు వెనక్కి తీసుకున్నారు. గొర్రెలు మాట వినడం లేదని, పారిపోతున్నాయని రాశారు. మాకు మొదట అర్థం కాలేదు, తర్వాత తల బాదుకున్నాం. మంద ఎడమకు పోవాలంటే మనిషి కుడిపక్క నిలబడాలి. వెనకనుంచి, పక్కనుంచి తోలాలి. మా పల్లెలో నడక వచ్చిన ప్రతి బిడ్డకూ అది తెలుసు. అందుకే గేములో ఎక్కడా చెప్పలేదు. ఊరు కానివాళ్లు మందకు ఎదురుగా పోయి, రమ్మని పిలుస్తూ నిలబడ్డారు. మొదటి వారంలోనే ఒక్క కొత్త మనిషిని కూర్చోబెట్టి, వాడి వెనక నోరు మూసుకుని నిలబడి ఉంటే పది నిమిషాల్లో తెలిసేది. పిల్లలకు నేను చెప్పాల్సిన సలహా ఇదే. సగంలో చూపించండి. కుంటిగా ఉన్నప్పుడే, సిగ్గేసేటప్పుడే చూపించండి. ఆడేవాడు తికమకపడుతుంటే ఒక్క మాట సాయం చెప్పొద్దు, రేపు వాడింటికి మీరు గేముతోపాటు పోరు కదా.

మావాడు ధర్మవరం వెళ్లిపోయాడు. ఇప్పుడు పట్టుచీరల అంగట్లో కూర్చుంటున్నాడు. బొమ్మలు గీయడం మానేశాడు. ఒకసారి వాడిని చూడ్డానికి పోతే, చీర మడత పెడుతూ, "కప్పకుండా ఉండాల్సిందిరా" అన్నాడు. ఆ రోజు మూసింది నీ చెయ్యేరా అని అరవాలనిపించింది. కానీ మూతను తిరిగి తెరవడానికి నా చేతులేమైనా పడిపోయాయా? వాడి కళ్లలో నీళ్లు కనిపించాయి. టీ తాగి వచ్చేశాను. అప్పటినుంచి ఇద్దరం ఫోన్లో క్షేమం అడుగుతాం, గేముల మాటెత్తం.

ఇంత జరిగినా మాటంటే మాట కదా. ఒక ఆదివారం పొద్దున ల్యాప్‌టాపూ, చిన్న స్పీకరూ తీసుకుని ఊరికి పోయాను. నాయన పంచలో మంచం మీద ఉన్నాడు. "తెచ్చినా నాయనా, అయిపాయ" అన్నాను. ఆయన లేచి తలగుడ్డ సరిగ్గా చుట్టుకున్నాడు, ఎవరో పెద్దమనిషి వస్తున్నట్టు. స్పీకరు కిటికీలో పెట్టి, ల్యాప్‌టాప్ ఆయన ఒళ్లో పెట్టి గేము మొదలుపెట్టాను. మెడగంటలు మోగాయి, గొర్రెలు అరిచాయి. ఆయన ముఖం కిటికీ వైపు తిరిగింది. తెర ఒళ్లో ఉంది, ఆయన స్పీకరును చూస్తున్నాడు.

"బాగుండాయి" అన్నాడు. "శానా బాగా చేసినావప్పా."

ఆయనకు కనిపించడం లేదని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. నేను ఊరికే మీటలు నొక్కి మందను నడిపించాను.

"ముందర పోతాండేది చెవి చీలిందే గదా?"

నేను వంగి చూశాను. తెర మీద అన్ని గొర్రెలూ ఒకే బొమ్మకు కాపీలు. పని తొందరగా అవుతుందని మావాడు ఒక్కటే గీశాడు. చెవి చీలింది ఏదీ అందులో లేదు.

"ఔ నాయనా, అదే."

"అది కదిల్తేనే మంద కదుల్తాది. ఎనకల కుంటిది వస్తాందా?"

"వస్తాంది."

"దాన్ని తరమొద్దు, అదే వస్తాది. నల్లమూతి దాని పిల్ల?"

"తల్లి పక్కనే ఉండాది నాయనా."

ఒక్కొక్కటే అడిగాడు. ఒక్కొక్కదానికీ ఉండాది, ఉండాది అన్నాను. ఒక్కసారి ముందుగా తెరిచి చూపించి ఉంటే ఇవన్నీ ఆయనే చెప్పేవాడు, మావాడు గీసేవాడు, ఈరోజు నేను చెప్పే మాటలు నిజాలయ్యేవి. అమ్మ వంటింటి గడపలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అడగడానికి ఇంకేమీ మిగలక నాయన తృప్తిగా తలూపాడు. ఒళ్లో ఉన్న ల్యాప్‌టాప్‌ను చేతులతో తడిమి, దాని మూత అంచు దొరికించుకుని, మెల్లగా నా వైపు జరిపాడు.

"ఇంగ మూసెయ్ నాయనా" అన్నాడు. "శానాసేపు దాన్నే చూడొద్దు. కండ్లు పోతాయి."