అంచుదాకా పోసిన టీ

ఖోల్మత్‌కి పొగరెక్కి, టీకి రోజూ వచ్చే పాతవాళ్ళందర్నీ తరిమేశాడని మా కోకంద్ బజారులో ఒక మాట తిరుగుతోంది. ఎదురుగా పెట్టిన కొత్త కాఫీ దుకాణంవాళ్ళు చెయ్యి తడిపారని ఇంకో మాట. రెండూ శుద్ధ అబద్ధాలు. జరిగింది వేరు.

కాలవ గట్టున హురియత్ అక్క టీకొట్టు ఉంది చూశారూ, అందులో టీ పోసే మనిషి ఖోల్మత్. మీసాలు రాకముందు చేరాడు, ఇప్పుడు గడ్డం నెరిసింది. కెటిల్లోంచి గిన్నెలోకి, గిన్నెలోంచి కెటిల్లోకి ముమ్మారు తిరగపోసి, ఆ తర్వాతే మనిషి చేతికిస్తాడు. అదీ సగానికి తక్కువే. తక్కువ పోస్తే మళ్ళీ పోయడానికి రావచ్చు, వచ్చినప్పుడల్లా పలకరించొచ్చు. అంచుదాకా పోశామంటే "తాగేసి దయచెయ్యి నాయనా" అన్నట్టే. మా దగ్గర చంటిపిల్లలకి కూడా తెలిసిన సంగతే ఇది.

ఎవరి మోకాలు నొప్పో, ఎవరి కోడలు అలిగి పుట్టింటికి పోయిందో ఖోల్మత్‌కి తెలుసు. టీ ఎక్కడైనా దొరుకుతుంది గానీ, అలా అడిగేవాడు దొరకడు కదా. బజారు జనమంతా వచ్చి ఆయన దగ్గరే కూలబడేవాళ్ళు.

అలాంటిది, పోయిన చలికాలం నుంచి ఒక్కొక్కరే రావడం మానేశారు. గొడవా లేదు, ఫిర్యాదూ లేదు. తాగడం, అరచేతులతో ముఖం తుడుచుకుని దువా చేసుకోవడం, చెప్పులేసుకుని వెళ్ళిపోవడం. మర్నాటికి వాళ్ళు కూర్చునే మంచం ఖాళీ.

హురియత్ అక్క కంగారుపడింది. పరుపులకి కొత్త గలీబులు కుట్టించింది, గోడకి టీవీ బిగించింది, గిన్నె పక్కన కలకండ ఊరికే పెట్టించింది. మిగిలినవాళ్ళలోనూ చాలామంది ఆ కలకండ కాస్తా చప్పరించి పోయారు.

"ఇంకేం చెయ్యాలయ్యా వీళ్ళకి? కాళ్ళు పిసకమంటావా?" అంది.

"చలికి రావట్లేదులే అక్కా. ఎండ రానీ, ఈగల్లా ముసురుతారు."

"ఈగలైనా వస్తే బాగుండును! చలి పోయి నవ్రోజ్ పండగ వచ్చేదాకా చూస్తా. అప్పటికీ ఇంతే అయితే కొట్టు సెల్‌ఫోన్లవాడికి ఇచ్చేస్తా. నువ్వింట్లో కూచుని మీ ఆవిడకి పోద్దువుగాని టీ."

ఖోల్మత్ నవ్వాడు గానీ, ఆయనకి వేరే పని చేతకాదు. తను ఏం తప్పు చేశాడో ఎంత తల బద్దలుకొట్టుకున్నా తట్టలేదు. కెటిళ్ళు తళతళలాడేలా తోమాడు. ఉన్న నలుగురికీ ఇంకా జాగ్రత్తగా, ఇంకా ప్రేమగా పోశాడు. వాళ్ళలోనూ ఇద్దరు తగ్గారు.

అప్పుడొచ్చాడు యోల్దాష్, కత్తులు చేసే ఆయన. అందరికన్నా ముందు మానేసిన మనిషి. చెప్పులు విప్పకుండా, నడుమ్మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏరా ఖోల్మత్, నీ కూతురి పెళ్ళికి పులావు పొయ్యి ఊదింది నేనా, కాదా?"

"నువ్వే అన్నా."

"మరి నన్నెందుకురా వెళ్ళగొట్టావ్?"

"నేనా! అదేం మాట? ముందు కూచో, టీ తాగు."

తిరగపోసి, పోసి, అందించాడు. యోల్దాష్ గిన్నె చూసి భగ్గుమన్నాడు.

"ఇదుగో, మళ్ళీ అదే! మడికి నీళ్ళు పెట్టినట్టు పెట్టావు. ఇంకా పోమనలేదంటావేం?"

"సగమే కదా పోశాను?"

ఖోల్మత్ వేలు పెట్టి చూశాడు. గిన్నెలో దిగకముందే, అంచు దగ్గరే టీ తగిలి చురుక్కుమంది. వేలు అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. తెల్ల గిన్నె, లేత టీ కొంతకాలంగా ఒకటిగానే కనిపిస్తున్నాయి. చలికాలం కదా, ఆవిరిలే అనుకున్నాడు.

"కనబడట్లేదన్నా," అన్నాడు మెల్లగా.

యోల్దాష్ ఆ నిండు గిన్నె ఊదుకుంటూ తాగేసి, చెప్పులు విప్పి, మంచమెక్కి బాసింపట్టు వేసుకున్నాడు.

"ఇంకోటి పొయ్యి. ఎక్కడ ఆపాలో నేను చెప్తా."

"ఇన్నాళ్ళూ ఒక్కరన్నా చెప్పలేదేం?"

"ఏమని చెప్తాం? ఇంటికొచ్చినవాడు నాకు మర్యాద చెయ్యండని అడుక్కుంటాడా? మనసుకి కష్టమైతే వీధి మారుస్తాడు. నాకు కోపమెక్కువ గనక తిట్టడానికి వచ్చా."

పని పోతే పోయిందని ఖోల్మత్ ఆవేళే హురియత్ అక్కకి కళ్ళ సంగతి చెప్పేశాడు. "ఆ కలకండ ఖర్చు నీ కంటికి పెట్టినా సరిపోయేదిరా దేవుడా!" అని ఆవిడ తల కొట్టుకుంది.

మర్నాడు వేడి రొట్టెలు చంకన పెట్టుకుని, మానేసినవాళ్ళ ఇళ్ళకి బయల్దేరాడు. తీరా చూస్తే ఒక్కొక్కరూ ఒక్కో తప్పు తమ మీదే వేసుకుని కూచున్నారు. ఒకాయన తన గురక పడక పొమ్మన్నాడనుకున్నాడు. ఇంకొకాయన తను చెప్పిందే చెప్తాడు గనక విసుగొచ్చిందనుకున్నాడు. అది నిజమే గానీ ఖోల్మత్‌కి ఏనాడూ విసుగు రాలేదు. గడపలోకొచ్చి "నా కన్ను చేసిన పని బాబాయ్" అనేసరికి అందరూ కరిగిపోయారు. వారానికోసారి వచ్చేవాళ్ళు కూడా ఇప్పుడు రోజూ తయారు. నొచ్చుకున్నవాడి గుమ్మం తొక్కితే, అసలు నొచ్చుకోనివాడికన్నా దగ్గరైపోతాడు మనిషి.

నవ్రోజ్ వెళ్ళిపోయింది. కొట్టు కొట్టుగానే ఉంది. గిన్నె పట్టుకున్నవాళ్ళు "చాలు, చాలు" అంటారు, ఖోల్మత్ ఆపుతాడు. కంట్లో శుక్లాలు, కోయించుకోమన్నాడు డాక్టరు. ఈయనేమో ఖర్బూజాల కాలం పోనీ, చలి తగ్గనీ అంటూ దాటేస్తున్నాడు. ఒట్టి భయం.

మీలో ఎవరైనా కోకంద్ వస్తే కాలవ గట్టుకి ఒకసారి వెళ్ళండి. గిన్నె అంచుదాకా వచ్చిందా, నొచ్చుకుని లేచిపోకండి. "చాలన్నా" అనండి. అని, కళ్ళెప్పుడు చూపించుకుంటావని నిలదీయండి. మా మాట ఎటూ వినడు. మీరు అతిథులు గదా, మీ ముందు సిగ్గుపడతాడు.