ఆమెన్ లేని లెక్క

ప్రియమైన సహోదరులారా, నేను ఎనిమిదో తరగతి వదిలేశానని మావాళ్ళు మర్యాదకు చెబుతారు గానీ, నిజానికి ఆ తరగతే నన్ను వదిలించుకుని ఊపిరి పీల్చుకుంది. నా ఊపిరి మాత్రం బెజవాడ దగ్గర ఒక రైసుమిల్లులో చిక్కుకుపోయింది.

పగలంతా ఊక దుమ్ము మింగడం, పడుకుంటే గొంతులో పిల్లికూతలు. "పిల్లిని నేనే మింగాను, మా ఇంట్లో ఎలకల బాధ లేదండీ" అని మొదట్లో నలుగురినీ నవ్వించేవాణ్ణి, తరువాత నవ్వడానికే గాలి చాలలేదు. డాక్టరు గారు గొట్టం పెట్టి విని, "మిల్లు మానేస్తావా, లోకమే వదిలేస్తావా?" అన్నారు. మానేస్తే ఏం తినాలి? నాకు వచ్చిన పని అదొక్కటే. నా భార్య రూతమ్మ మోకరించి, "తండ్రీ, ఈయనకి దుమ్ము లేని పని చూపించు, నోరు మూసుకుని చేసే పనైతే మరీ మంచిది" అని ప్రార్థించింది. దేవుడు ఆ ప్రార్థనలో మొదటి సగం విన్నాడు.

మా సంఘంలో దానియేలు గారని ఒక పెద్దాయన, హైదరాబాదులో కంప్యూటరు దగ్గర పనిచేసి వచ్చారు. "ప్రోగ్రాం అంటే ఏమీ లేదయ్యా, మిషను దేని తరువాత ఏది చెయ్యాలో వరసగా రాసివ్వడమే. లెక్క మీద లెక్క చేస్తూ పోతే అదే పట్టుబడుతుంది" అని శనివారం సాయంత్రాలు మందిరంలో నేర్పసాగారు. కంప్యూటరు మా దరిదాపుల్లో లేదు. అందుకని ఒకరు రాసిన కాగితం ఇంకొకరు పట్టుకుని, అందులో ఏముంటే అదే చెయ్యాలి. ఆ మనిషే ఆ పూటకి మిషను.

మొదటి లెక్క, మందిరంలో బెంచీలు లెక్కపెట్టించడం. నేను రాశాను: ముందుకు నడువు, బెంచీ కనబడితే ఒకటి కలుపు, మళ్ళీ మొదటినుంచి చెయ్యి. ఆ పూట దానియేలు గారే మిషను. బెంచీలు అయిపోయాయి, ఆయన ఆగలేదు. గుమ్మం దిగారు, రోడ్డు దాటారు, బందరు కాలువ గట్టెక్కారు. వెనకాల నేను పరుగు.

"ఆగండి మాష్టారూ, బెంచీలు అయిపోయాయి కదా."

"ఆగమని కాగితంలో ఉందా?"

"లేదండీ."

"మన మందిరంలో ఆమెన్ వినేదాకా ఎవరైనా కళ్ళు తెరుస్తారా? మిషనూ అంతేనయ్యా. నువ్వు చెబితేనే ఆగుతుంది."

"ఇంతకీ మిషనుకి ఈతొచ్చా అండీ?" అన్నాను.

ఆ రోజునుంచి నాకు పిచ్చి పట్టింది సహోదరులారా! బస్సులో లెక్కలే, మందుల క్యూలో లెక్కలే, ఒకటి కుదిరితే ఇంకొకటి అడగడం, కుదరకపోతే చెరిపి మళ్ళీ రాయడం, కావలసిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ కీర్తనలా బట్టీపట్టడం. బడిలో తప్పుకి బెత్తం దెబ్బలు తిన్నవాణ్ణి, ఇక్కడ తప్పు చేస్తే మాష్టారు "మళ్ళీ చెయ్యి" అనేవారు, అంతే.

అంతలో గవర్నర్‌పేటలో ఒక ఆఫీసుకి లెక్కల మిషను, అదే కంప్యూటరు, వస్తోందనీ, చదువు అడగరు, పరీక్ష పెట్టి చూస్తారనీ తెలిసింది. వెళ్ళాను. కూలీల కార్డులు మిషను చేత ఒక్కొక్కటే చదివించి జీతాలు లెక్క కట్టించాలి. రాసేశాను. ఇచ్చేముందు అలవాటు కొద్దీ తలవంచాను. "ప్రభువా, నాకు చేతనైంది రాశాను. ఊపిరాడే చోటు ఒకటి ఇవ్వు. యేసు నామంలో, ఆమెన్."

ఆమెన్ అనేసరికి తటాలున కాగితం వైపు చూశాను. నా కాగితంలో ఆమెన్ లేదు! ఆఖరి కార్డు అయ్యాక ఏం చెయ్యాలో రాయనేలేదు, నా మిషను మళ్ళీ కాలువ వైపే నడుస్తోంది. గబగబా ఆ ఒక్క ముక్కా చేర్చి ఇచ్చాను.

దేవునికే మహిమ, ముందు మిషను చదవడానికి వీలుగా కార్డులకి చిల్లులు కొట్టే పనిలో తీసుకున్నారు, తరువాత ప్రోగ్రాములు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆ గది తలుపులు ఎప్పుడూ మూసే ఉంటాయి, లోపల చల్లగాలి, చెప్పులు బయటే విడవాలి. ఎందుకంటే ఆ మిషనుకి దుమ్ము పడదట! దుమ్ము పడనివాణ్ణి తెచ్చి, దుమ్ము పడని మిషను పక్కన కూర్చోబెట్టిన దేవుడికి ఏమని స్తోత్రం చెప్పను? పిల్లి వెళ్ళిపోయింది, నిద్ర వచ్చింది.

ఈ చదువుతో, ఈ వయసులో మనకేం వస్తుందిలే అని మీలో ఎవరైనా కూర్చున్నారా? ఆయన మీద ఆనుకుని మొదటి లెక్క మొదలుపెట్టండి. తప్పితే మళ్ళీ రాయనిచ్చే దేవుడు ఆయన.

పోయిన ఆదివారం మందిరంలో ఇదంతా ఉత్సాహంగా చెబుతూ భోజనాల వేళ దాటించేశాను. వచ్చి కూర్చోగానే రూతమ్మ మెల్లగా అంది.

"మిషనుకి ఆగడం నేర్పారు, సంతోషం. మీ నోటికి ఆమెన్ ఎప్పుడు రాస్తారండీ?"