చెల్లని విడాకులు

గోదావరిఖనిలో పెద్దమనుషుల పంచాయితీకి ఒక పద్ధతి ఉంది. ముందు ప్లాస్టిక్ కుర్చీలు వస్తాయి, తర్వాత టీ వస్తుంది, చివర్లో న్యాయం వస్తుంది. విలేకరిగా ఇలాంటివి ఎన్నో చూశాను. పెద్దలు కాపురాలు నిలబెట్టారని వార్తలు కూడా పంపాను. మా చెల్లెలి వంతు వచ్చేదాకా నాకు వాటిలో తప్పేమీ కనిపించలేదు.

మా నాన్న గని కార్మికుడు. ఆరోగ్యం చెడి అన్‌ఫిట్ అయినప్పుడు ఆయన ఉద్యోగం ఇంట్లో ఒకరికి వచ్చే వీలుంది. నేను అప్పటికే పేపర్లో కుదురుకున్నాను, గనిలోకి దిగనన్నాను. అలా అది అల్లుడికి, అంటే మా చెల్లెలి భర్తకు వెళ్లింది. నాన్న ఉన్నన్నాళ్లూ బావ వంచిన తల ఎత్తలేదు. నాన్న పోయిన మరుసటి ఏడాదే శ్రీరాంపూర్‌లో ఇంకొకావిడతో ఉంటున్నాడని తెలిసింది.

పంచాయితీ అడిగింది కూడా అతనే. మామ పేరు మీద వచ్చిన ఉద్యోగం కదా, భార్య కంపెనీకి అర్జీ పెడితే ఏమవుతుందోనని భయం.

పెద్దమనిషి ఒకప్పటి కార్మిక నాయకుడు. కాలనీ అంతా ఆయన్ని కాకా అంటుంది. టీ తాగిన కప్పులోనే గుట్కా ఉమ్ముతూ, మా చెల్లెలితో, "పిల్లలు గిట్ల లేరు కద బిడ్డా, తెంపుకునుడు సులువుగనే అయితది" అన్నాడు. ఓదార్పుగానే అన్నాననుకున్నాడు. అక్కడున్న వాళ్లంతా తలలూపారు. నేనూ ఊపాను.

ఆయన వెంట వచ్చిన వకీలు బాండ్ పేపర్ మీద రాత మొదలుపెట్టాడు. రాత బాగా లేదు. ఒక వాక్యం మొదలైన చోటికీ ముగిసిన చోటికీ పొంతన లేదు. కాకా కాగితాన్ని నా వైపు తిప్పాడు.

"తమ్మీ, నువ్వు పేపరోనివి. జర సాపు చెయ్యరాదు."

చేశాను. ఇష్టపూర్వకంగా విడిపోతున్నామని, ఇకపై ఒకరిపై ఒకరికి ఏ హక్కూ ఉండదని, ఎక్కడా ఫిర్యాదు చేయబోనని చక్కగా, తప్పుల్లేకుండా రాసిచ్చాను. చెల్లెలు సంతకం పెట్టింది. వకీలు నోటరీ ముద్ర వేశాడు. ఆ ముద్ర పడితే విడాకులైపోయినట్టేనని ఇక్కడ అందరి నమ్మకం. ఏళ్ల తరబడి కోర్టు వార్తలు రాసిన నాకు అది చెల్లుతుందో లేదో తెలిసి ఉండాలి. అడిగి తెలుసుకోవాలని కూడా నాకు తోచలేదు.

తర్వాత ఆమె బస్టాండు దారిలో ఒక గది అద్దెకు తీసుకుని కర్రీ పాయింట్ పెట్టింది. షిఫ్టులు దిగిన ఒంటరి మగవాళ్లు పప్పూ కూరా కట్టించుకుపోతారు. మూడేళ్లలో ఆమె మొహంలో తేటదనం వచ్చింది. నవ్వు కూడా వచ్చింది.

ఒక మధ్యాహ్నం నేను దుకాణంలో ఉండగా కాకా, వకీలు వచ్చి కూర్చున్నారు. శ్రీరాంపూర్ ఆవిడ బావను వెళ్లగొట్టిందట.

"వాడు మస్తు పరేషాన్ల ఉన్నడు బిడ్డా" అన్నాడు కాకా. "పొద్దుగాల ఫస్ట్ షిఫ్టుకు అన్నం డబ్బ కట్టేటోళ్లు సుత లేరు."

చెల్లెలు పప్పు కలుపుతున్న గరిటె ఆపలేదు.

"అన్నం డబ్బనే కావాలంటే దుకాణానికి రమ్మను కాకా. అందరికి కట్టినట్టే కడ్త."

"నవ్వులాట కాదు. మొగడు ఇంటికొస్తనంటె వద్దంటవా?"

"మొగడేంది? నువ్వే కద కాకా తెంపింది, గీ సారే కద ముద్ర గుద్దింది!"

వకీలు పళ్ల సందులో పుల్ల పెట్టుకుని, పాఠం చెప్పేవాడిలా మొదలుపెట్టాడు. "ఆ బాండు చెల్లదమ్మా. విడాకులంటే కోర్టు ఇయ్యాలె. చట్ట ప్రకారం నువ్వు ఇప్పటికీ ఆయన భార్యవే."

"మరి గప్పుడు చెప్పకపోతివి సారూ?"

"గప్పుడు మీరు అడగలే కద."

చెప్పి నవ్వాడు. ఆ పుల్లను ఆమె ఊడ్చుకున్న గచ్చు మీదే పారేశాడు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో లంచగొండులను, దొంగలను కూర్చోబెట్టి మాట్లాడించాను. ఎవరి మొహం చూసినా ఇంత ఏవగింపు కలగలేదు. ఆ ఏవగింపులో కొంత నా మీద కూడా.

వాళ్లు వెళ్లాక చెల్లెలు చేతులు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది.

"అన్నా, గీ మూడేండ్లు నేను వానికి పెండ్లాన్నేనా? తలుసుకుంటె ఒళ్లంత రోత పుడుతంది."

ఆ వారమంతా చుట్టాల ఫోన్లే. తప్పు తెలుసుకుని వస్తానంటున్నాడు కదా, పోనివ్వమన్నారు. ఆ కాగితం పనికిరాదంటే ఆమె సంతోషించాలన్నట్టు మాట్లాడారు. భార్య హోదా మిగిలిందట.

ఇక్కడి వకీళ్లలో కాకాతో టీ తాగనివాళ్లు ఎవరో మాకు తెలియదు. అందుకని పెద్దపల్లి బస్సెక్కాం. కోర్టు ఆవరణలోని ఉచిత న్యాయ సహాయ కేంద్రంలో ఒక యువ లాయరమ్మ దొరికింది. అలవాటు కొద్దీ నేనే కథ మొదలుపెట్టాను.

"మీరు బయట కూసోండ్రి సార్. అక్క చెప్తది" అంది ఆమె.

గడప దాటి కూర్చున్నాను. మాటలు వినపడుతూనే ఉన్నాయి. భర్త ఒప్పుకోడు కాబట్టి ఇద్దరూ కలిసి వేసే దరఖాస్తు కుదరదని, రెండేళ్లకు పైగా వదిలేసి పోయాడు కాబట్టి ఆ కారణంతో వేద్దామని లాయరమ్మ చెప్పింది. భరణం లాంటిది ఇంకేమైనా అడగాలా అని విచారించింది.

"వాడు నాకేం కాడని కోర్టు రాసియ్యాలె. గంతే" అంది చెల్లెలు.

పిటిషన్ తయారయ్యేసరికి ఇంకో రెండుసార్లు వెళ్లాల్సి వచ్చింది. సంతకాల రోజు నన్నూ లోపలికి పిలిచారు. మొదటి పేజీలో తన పేరు పక్కనే, ఫలానా వాడి భార్య అని ఉండటం చూసి చెల్లెలు పెన్ను కింద పెట్టేసింది.

"గీ పేరు తీసెయ్యరాదక్కా? మా నాయన పేరు పెట్టుండ్రి."

"ఇప్పుడు తీస్తే కేసే ఉండదక్కా. భార్యవని రాస్తెనే విడాకులు అడగొచ్చు."

చెల్లెలు నా వైపు చూడలేదు. ఎన్నాళ్లు పడుతుందని లాయరమ్మనే అడిగింది. ఏడాది పట్టొచ్చు, ఎక్కువా పట్టొచ్చు, ఆయన రాకపోతే ఇంకా లేటవుతుందని ఆమె దాచకుండా చెప్పింది.

"పట్టనీ. గీసారి చెల్లేటిది కావాలె."

వాంతిని ఆపుకునే మనిషిలా పెదాలు బిగబట్టి, అతని పేరున్న ప్రతి పేజీ కిందా మా చెల్లెలు సంతకం చేసింది.