క్యోటో పెట్టెలో పసుపు

పెట్టె సర్దడంలో నా అంత మొండిది పోచంపల్లి మొత్తంలో ఇంకొకరు ఉండరని మా ఆయన అంటాడు. చుట్టాల పెళ్లికి పోయినా సరే, ఏది ఏ మూలకు పోవాలో నేనే చెప్పాలి. మధ్యలో ఇంకెవరైనా వేలు పెడితే నాకు ఒళ్లు మండుతుంది. అట్లాంటిదాన్ని, ఏకంగా జపాన్‌కు సర్దాల్సి వచ్చేసరికి నా కాలు నేల మీద నిలవలేదు. పోయేది నేనూ, మా అత్తమ్మా. ఇద్దరం అంతవరకు విమానాన్ని ఆకాశంలో తప్ప చూసినవాళ్లం కాదు.

పిలిచింది ఎవరో చెప్పాలి. తెలంగాణ వచ్చిన కొత్తలో క్యోటో నుంచి ఒకామె మా ఊరికి వచ్చి, మా ఇంట్లోనే వెనక గది కిరాయికి తీసుకుని ఒక చలికాలమంతా ఉంది. ఆమెదీ మాలాగే దారానికి రంగులద్దే పనే. కాకపోతే వాళ్ల దగ్గర నీలిరంగు తొట్టి ఉంటుంది, మా దగ్గర ఆసు ఉంటుంది. ఆసు అంటే చెక్కకు వరసగా మేకులు కొట్టిన చట్రం. దాని మీద పట్టుదారం అటూ ఇటూ తిప్పి, డిజైన్ ప్రకారం సైకిల్ ట్యూబు పట్టీలతో బిగించి కడతాం. కట్టిన చోట రంగు ఎక్కదు. దీన్నే మేం చిటికి కట్టడం అంటాం. ఆమెకు ఆ పని నేర్పింది మా అత్తమ్మ. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా పొద్దంతా ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉండేవాళ్లు. పోయేనాటికి ఆమె అత్తమ్మను "అమ్మా" అనీ, నన్ను "అక్కా" అనీ పిలుస్తూ, జొన్నరొట్టె తుంచుకుని పచ్చిమిరపకాయ తొక్కుతో తినేది.

ఇన్నేళ్లకు వీడియో కాల్ చేసి, మీరిద్దరూ రండి, ఖర్చులన్నీ మావే అంది. దారం మీరు కట్టి తెల్లగా తీసుకురండి, నీలం ఇక్కడ నా తొట్టిలో వేద్దాం, మా వాళ్లంతా చూస్తారు అంది. మామయ్య, మా ఆయన మగ్గాల మీద ఉండిపోయారు. అత్తమ్మా నేనూ ఆసు ముందు కూర్చుని ఆ దారం కట్టాం. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏదీ కట్టలేదు. పెట్టెలో ఇంకేం పోయినా ఫరవాలేదు, ఆ కట్ట మాత్రం మచ్చ లేకుండా చేరాలి. ఆమె తన మాట మీద అక్కడి అద్దకం పెద్దవాళ్లను ఒప్పించి మమ్మల్ని పిలిపించింది. మేం మరకల దారం పట్టుకుపోతే తల వంచుకోవాల్సింది ఆమె.

కట్ట సంగతి అట్లా ఉంచితే, మిగతా సర్దుడంతా తిరునాళ్లే. హైదరాబాద్‌కు పోయి స్వెటర్లు కొన్నాం.

"గా బండంత స్వెటర్ ఎందుకే పిల్లా?" అంది అత్తమ్మ.

"ఆడ మంచు పడ్తదట, అత్తమ్మా."

"పడితె పడనీ. మీద పడ్డంక చూద్దాం."

మేజోళ్లు తొడిగి చూసుకుంటే నా మెట్టెలు పొడుచుకుని బయటికొచ్చాయి. అక్కడ ఇళ్లలో చెప్పులు విడిచి మేజోళ్లతోనే తిరుగుతారని ఆమె చెప్పి ఉంది. మెట్టెల మీద గుడ్డపేలికలు చుట్టుకుని ఇంట్లో నడక నేర్చుకున్నాను. నున్నటి బండల మీద జారుతుంటే మా ఆయన మగ్గం ఆపి మరీ నవ్వాడు. నాకు కోపం రాలేదు. ఆ రోజుల్లో నాకు దేనికీ కోపం రాలేదు, అదే వింత.

సకినాలు నూనె కాగితంలో చుట్టి, డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను స్వెటర్ల మధ్య కూర్చోబెట్టాను. పుంటికూర తొక్కు సీసా అత్తమ్మ పెట్టడం, నేను తీయడం, మళ్లీ ఆమె పెట్టడం. చివరికి నేనే ఓడి, మూతకు ట్యూబు పట్టీ బిగించి కట్టాను. మా చేతికి తెలిసిన కట్టు అది, చుక్క కూడా కారదు.

బరువు చూడటానికి పెట్టెను రంగుల దుకాణానికి మోసుకుపోయాం. రంగులు, పట్టీలు, దారాలు అమ్మే చిచ్చా హజ్‌కు పోయొచ్చిన మనిషి. మా బజారులో విమానం ఎక్కింది ఆయనొక్కడే కాబట్టి ఆయన మాటకు తిరుగులేదు. కాంటా మీద పెట్టె పెట్టి, ముల్లు చూసి తల ఊపాడు.

"బరువు సరిపోయింది బేటీ, ఫికర్ లేదు. గని గీ నల్లపెట్టె చూస్తే గుర్తువట్టుడు కష్టం. విమానం దిగినంక ఆడ పట్టా మీద అన్నీ గిట్లనే తిరుగుతుంటయ్."

ఆయనే ఎర్రటి పట్టుదారం పోగులు తీసి పిడికి జడలాగా అల్లి కట్టాడు. డబ్బులివ్వబోతే చేయి అడ్డం పెట్టాడు. బజారంతా చూస్తుండగా ఆ పెట్టెను ఇంటికి తీసుకురావడం ఊరేగింపే. దారిలో ఎదురైన ప్రతివాళ్లకూ "క్యోటో" అని నోరారా చెప్పాను. మా పాస్‌పోర్టులో ఏ జిల్లా రాశారని ఎవరో అడిగితే, అందులో కొత్త జిల్లా పేరు ఉన్నా సరే, పాత అలవాటుకొద్దీ అత్తమ్మ "నల్లగొండ" అనే చెప్పింది.

బయల్దేరే రోజు పొద్దున స్నానం చేసి వచ్చేసరికి పెట్టె మూత తెరిచి ఉంది. పైన తెల్లటి కట్ట. కట్ట కొసన, అత్తమ్మ వేలు ముద్రంత పసుపు.

మాకది కొత్త కాదు. కొత్తబట్ట కొసకు పసుపు పెట్టకుండా ఒంటి మీద వేసుకోం, కొత్త దారానికి పెట్టకుండా మగ్గమెక్కించం. అత్తమ్మ చేయి ఆలోచించకుండానే ఆ పని చేసేసింది. అదంతా తర్వాత తోచిన మాట. అప్పుడు మాత్రం నాకు కనిపించింది మచ్చ ఒక్కటే.

"గిదేం పని అత్తమ్మా? తెల్లగ తెమ్మన్నది గదా ఆమె."

"పసుపు వెట్టకుంట ఇంట్లకెల్లి ఎట్ల పంపాలె?" అంది ఆమె, నేనే ఏదో తప్పు మాట్లాడినట్టు.

కట్ట లాక్కుని స్నానం చేసే జాలాట్లోకి పోయాను. ఒళ్లు రుద్దుకునే సబ్బు తీసి ఆ కొసన రాశాను. పసుపు పోకపోగా మచ్చ ఎర్రగా మారింది. పసుపుకు సబ్బు తగిలితే ఎరుపెక్కుతుందని చిన్నపిల్లకు కూడా తెలుసు. తొందరలో నాకు అదీ గుర్తురాలేదు. అక్కడే బండ మీద కూర్చుని ఏడ్చాను. అన్ని రోజుల సంతోషం ఆ వేలిముద్రలోకి వచ్చి ఆగినట్టయింది.

అత్తమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. నిమ్మకాయ చెక్క పిండితే ఎరుపు విరిగి మళ్లీ పసుపైంది. సబ్బు లేకుండా మంచినీళ్లతో పలుమార్లు జాడించింది. ఆ కొస ఒక్కటే బయటికి ఉండేట్టు మిగతా కట్టను గుడ్డలో చుట్టి, డాబా మీద ఎండకు పెట్టింది. ఎండకు పసుపు నిలవదు. కారు వచ్చేదాకా నేను మెట్లు ఎక్కుతూ దిగుతూనే ఉన్నాను. ఎక్కిన ప్రతిసారీ మచ్చ కొంచెం వెలిసిపోయి కనిపించింది. మధ్యాహ్నం దాటేసరికి, ఉందని తెలిసినవాళ్లకు తప్ప కనబడనంతగా తేలిపోయింది. నాకు మళ్లీ ఊపిరి వచ్చింది. అత్తమ్మను గట్టిగా పట్టుకుని, ఇగ పెట్టె ముట్టొద్దని ఒట్టు వేయించుకున్నాను.

విమానంలో నేను కిటికీ దగ్గర కూర్చున్నాను. హైదరాబాద్ దీపాలు కిందికి దిగిపోతుంటే అత్తమ్మ నా చేయి పట్టుకుంది. భయంతో అనుకున్నాను. చూస్తే నవ్వుతోంది.

ఎర్రజడ పెట్టె పట్టా మీద మాకు దూరం నుంచే కనిపించింది. చిచ్చా చెప్పింది నిజం, అన్నీ నల్లవే. క్యోటోలో ఆమె ఇల్లు చెక్కతో కట్టినది, నేల మీద చాపలు. నీలిరంగు తొట్టి పక్క గదిలో ఉంది, ఆ వాసన ముందు గదిదాకా వస్తోంది. టీ అయినా తాగకుండా నేను పెట్టె తెరిచాను. తొక్కు సీసా కారలేదు. సకినాలు కొన్ని విరిగాయి. గుడ్డ విప్పి కట్టను రెండు చేతులతో ఆమెకు అందించాను.

ఆమె ఒక్కొక్క కట్టునూ వేళ్లతో తడిమింది. ముఖం వెలిగిపోయింది. నాకు గర్వంగా అనిపించింది. తర్వాత ఒక కొస తిప్పి చూసింది. రెండో కొస తిప్పి చూసింది. వెలుతురు దగ్గరికి తీసుకుపోయి మళ్లీ చూసింది. ఆ మచ్చ కనిపెట్టేసిందనుకున్నాను.

ఆమె అత్తమ్మ వైపు తిరిగి, ఏళ్ల కింద మా ఇంట్లో నేర్చుకున్న మాటల్లోనే అడిగింది. "అమ్మా, పసుపు ఏది? పెట్టలేదా?"

మా ఇంట్లో ఉన్న ఆ చలికాలమంతా మగ్గమెక్కే ప్రతి దారానికీ అత్తమ్మ పక్కన కూర్చుని ఆమె కూడా పసుపు పెట్టేదని అప్పుడు గుర్తొచ్చింది. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. అత్తమ్మ పెట్టె ముట్టనని వేసిన ఒట్టు తప్పలేదు. నడుముకున్న బొడ్ల సంచి విప్పి, వక్కల మధ్య నుంచి చిన్న కాగితం పొట్లం తీసింది. విప్పి నా చేతిలో పెట్టింది.

"నేను వెడితె కడుగుతవు," అంది. "నువ్వే వెట్టు."

పెట్టాను.