నా రంగు మీద చర్చ

తొంభైల మొదట్లో నేను కథానాయికలకు గొంతు అరువిచ్చేదాన్ని. బొంబాయి నుంచి వచ్చే అమ్మాయిలు పాలమీగడలా ఉండేవారు. తెలుగు మాత్రం ఒక్క ముక్క వచ్చేది కాదు. సెట్లో అంకెలు లెక్కపెడుతూ పెదవులు కదిపేవాళ్ళు. ఆ కదలికల్లో ఏడేడు జన్మల ప్రేమను నేను ఇరికించేదాన్ని. తెర మీద రంగు వాళ్ళది, మాట నాది. నన్ను ఎవరూ చూడనక్కర్లేదు కనక నేను నల్లగా ఉండటం వల్ల ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు.

మాది షేక్‌పేట. అక్కడి నుంచి ఫిల్మ్ నగర్లో ఉన్న డబ్బింగ్ థియేటర్‌కు నడిచే వెళ్ళేదాన్ని. ఇంట్లో అమ్మ "ఏందే, గింత లేటు జేస్తివి" అంటే విని బయల్దేరి, మైకు ముందు "ఏంటండీ, ఇంత ఆలస్యం చేశారు" అని పలకాలి. అమ్మ భాషను చెప్పులతోపాటు తలుపు బయటే విడిచి లోపలికి వెళ్ళేదాన్ని. ఆ రోజుల సినిమాల్లో మా భాష మాట్లాడేది రౌడీలూ, వాళ్ళ పక్కనుండే తాగుబోతులూ. వాళ్ళకు ఆడగొంతు అవసరం పడదు.

ఆ థియేటర్ యజమాని ఒక నిర్మాత. చాలాకాలం మద్రాసులో ఉండి, పరిశ్రమతోపాటు కదిలివచ్చి జూబ్లీహిల్స్‌లో ఇల్లు కట్టుకున్న కోస్తా మనిషి. నేను గొంతిచ్చిన ఆయన సినిమా ఒకటి బాగా ఆడింది. విజయోత్సవానికి ఒక నాయకుణ్ణి ముఖ్య అతిథిగా పిలిచాడు. ఆ నాయకుడు అప్పట్లో పెద్ద పదవిలో ఉన్నాడు. ఏ పదవో, ఏ పార్టీయో చెప్పను. చెబితే ఇది చదివే మీరు కూడా రెండు పక్షాలైపోతారు. నిర్మాతకు స్టూడియో కట్టుకోవడానికి ఒక గుట్ట కావాలి. ఆ గుట్ట ఇప్పించగలవాడు నాయకుడు. కళాపోషణకు ఇంతకంటే గట్టి పునాది ఉండదు కదా.

థియేటర్ పక్క ఖాళీ స్థలంలో షామియానా వేశారు. కథానాయిక బొంబాయిలో ఇంకో షూటింగులో ఉండి రాలేదు. అందుకని "ఆమె గొంతు" అంటూ నన్ను వేదిక మీదికి పిలిచి నాయకుడి చేత షీల్డు ఇప్పించారు. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, మైకు దగ్గరికి వంగాడు.

"ఆ చందమామలాంటి పిల్ల గొంతు ఈ అమ్మాయిదా! దేవుడు ఎంత న్యాయమూర్తో చూడండి. రంగు ఇవ్వడం మరిచిపోయి, ఆ తప్పు దిద్దుకోవడానికి గొంతు ఇచ్చాడు!"

షామియానా కింద నవ్వులు, చప్పట్లు. నిర్మాత అయితే నవ్వు ఆపుకోలేక నాయకుడి భుజం పట్టుకున్నాడు. నేనూ నవ్వాను. చేతిలో షీల్డు పెట్టుకుని ఫోటోగ్రాఫర్ల ముందు నిలబడ్డప్పుడు మొహానికి వేరే పనేమీ దొరకదు. చెవులు మాత్రం కాలిపోయాయి. నలుపులో ఒక సౌకర్యం ఉంది, ఎర్రబడితే ఎవరికీ తెలియదు.

తర్వాత నాయకుడు చాలాసేపు మాట్లాడాడు. తెలుగు సంస్కృతి గురించీ, తెలుగు ఆడపడుచు గురించీ చెప్పాడు. గుట్ట గురించి ఒక్క ముక్క చెప్పలేదు. భోజనం కూడా చేయకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు ఒక చిన్న పత్రికలో ఈ వేదిక మాట వచ్చింది. శీర్షికలో "వర్ణవివక్ష" అని ఉంది. నిర్మాత ఆ పత్రిక పట్టుకుని థియేటర్‌కు వచ్చాడు. రాత్రికి రాత్రి ఆయనకు కనువిప్పయింది.

అప్పట్లో ఆ చుట్టుపక్కల ఇళ్ళు కట్టడానికి బండలు పేల్చేవారు. ముందు ఈల వేసేవాళ్ళు. ఈల వినపడగానే మేము రికార్డింగు ఆపి, పేలుడు అయ్యాక మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళం. ఆ విరామాల్లో నిర్మాతకూ మాటల రచయితకూ వాదన నడిచేది. రచయిత కూడా కోస్తావాడే. సన్నగా, తెల్లగా ఉంటాడు. నాయకుడి ఉపన్యాసాలు అప్పుడప్పుడు రాసిపెట్టేది ఆయనే. అంచేత నాయకుడి తరఫు. వాళ్ళిద్దరూ అద్దానికి అవతల సౌండ్ ఇంజినీరు గదిలో కూర్చునేవారు. నేను ఇవతల మైకు ముందు. ఇంజినీరు నాతో మాట్లాడే మీట నొక్కి అలాగే ఉంచేయడం వల్ల ఆ వాదనంతా నా హెడ్‌ఫోనుల్లోకి వచ్చేది.

"ఇది జాత్యహంకారం కాకపోతే ఏంటండీ? పచ్చి జాత్యహంకారి ఆయన!" అన్నాడు నిర్మాత.

"జాత్యహంకారం అనాలంటే రెండు జాతులు ఉండాలి గదండీ. ఆ అమ్మాయీ తెలుగే, ఆయనా తెలుగే. రెండో జాతి ఎక్కడి నుంచి తెస్తారు?" అన్నాడు రచయిత.

"పోనీ వర్ణవివక్ష."

"వివక్ష అంటే ఏదైనా ఇవ్వకుండా ఆపాలి. ఆయన షీల్డు ఇచ్చాడు. ఇస్తూ ఒక చమత్కారం విసిరాడు. అయినా ఆయన రంగు చూశారా? ఆ అమ్మాయికంటే ఓ పిసరు ఎక్కువే. నల్లవాడు ఇంకొకర్ని నల్లగా ఉన్నావంటే అది వివక్ష ఎలా అవుతుందండీ? ఆత్మవిమర్శ అవుతుంది."

"దక్షిణాఫ్రికాలో కూడా ఇలాగే మొదలైంది!"

"దక్షిణాఫ్రికాలో షీల్డులు ఇచ్చారా?"

ఈల వినపడింది. కొండ పేలింది. దుమ్ము సర్దుకునేసరికి రచయిత పురాణాల్లోకి వెళ్ళిపోయాడు. "కృష్ణుడు నలుపు, ద్రౌపది నలుపు, కోకిల నలుపు. నలుపు అనడం తిట్టెలా అవుతుంది?"

"కాకి కూడా నలుపే. దాని సంగతేంటి?" అన్నాడు నా పక్షాన నిలబడ్డ నిర్మాత.

ఆ రోజంతా నేను కోకిలకూ కాకికీ మధ్య ఉండిపోయాను. నాకేమనిపించిందో అడుగుదామని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. అడగటానికి అద్దం కూడా దాటక్కర్లేదు, మీట నొక్కే ఉంది. ఇంజినీరు మాత్రం "అమ్మా, రెడీయా?" అన్నాడు. తెర మీద కథానాయిక అద్దంలో చూసుకుంటోంది. "నన్ను చూస్తే నాకే దిష్టి తగిలేట్టుంది" అని నేను చెప్పాలి. చెప్పాను. ఇంకాస్త గర్వం కావాలన్నారు. ఇంకాస్త గర్వంతో చెప్పాను.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి గల్లీలో ఎవరో పత్రిక చదివి అమ్మకు వినిపించారు. అమ్మ బియ్యం చెరుగుతూ అడిగింది.

"ఏమన్నడంటనే గాయన?"

చెప్పాను.

"గంతేనా? నల్లగున్నవన్నడు. మరి లేవా?"

"అందరి ముందట అన్నడమ్మా."

"అందరికి కండ్లు లేవా ఏంది? గాయన చెప్తెనే తెల్వాల్నా?" చేట పక్కన పెట్టింది. "మన గల్లీల బోరింగు ఏపిచ్చింది ఎవరే? ఆయనే గద. ఎండకాలమొస్తె బిందెలు పట్టుకొని యాడ తిరిగెటోళ్ళమో యాదికున్నదా?"

మా ఇంట్లో నాయకుడి పక్షం ఇంత బలంగా ఉందని నాకప్పుడే తెలిసింది. నాకు ఒళ్ళు మండి అన్నం ముందు మొహం తిప్పుకుని కూర్చున్నాను. అమ్మ పప్పు వడ్డిస్తూ, నా వైపు చూడకుండా అంది.

"నువ్వు పుట్టిన్నాడు మీ నాయినమ్మ గూడ గదే మాటన్నది. పొత్తిల్ల బట్ట తీసి సూసి, దేవుడు రంగేసుడు మర్శిపోయిండన్నది. గామె మీద పేపర్ల ఎవలు రాయలే."

అమ్మ అది నవ్వుతూ చెప్పలేదు. ఆ మాటను అన్నేళ్ళూ ఎక్కడ దాచుకుందో నేను అడగలేదు.

వారం తిరక్కుండానే నిర్మాత తన థియేటర్లో ఖండన సభ పెట్టాడు. నా కోసం కారు పంపాడు. నా రంగు పుణ్యమా అని నేను మొదటిసారి కారులో పనికి వెళ్ళాను. దిగగానే మేకప్ గదికి తీసుకెళ్ళారు. పత్రికల వాళ్ళు ఫోటోలు తీస్తారట. మేకప్ మనిషి కథానాయికలకు చేసిన అలవాటులో నా మొహానికి తెల్లటి పాన్‌కేకు దట్టంగా పట్టించాడు. నేను అద్దంలో చూసుకుంటే పిండిలో పడి లేచినట్టున్నాను. నిర్మాత తలుపు తీసి చూసి గుండె పట్టుకున్నాడు.

"ఏం చేశావయ్యా! ఇంత తెల్లగా ఉంటే ఇంక వివక్ష ఏముంది? పాయింటే పోయింది. తుడిచెయ్!"

తుడిచేశారు. అసలు మొహం బయటపడింది. నిర్మాత తల పక్కకు వంచి చూశాడు. తృప్తి కలగలేదు.

"ఫోటోలో చామనఛాయలా పడుతుందేమోనయ్యా. ఇంకో షేడు దించు."

అలా రంగు వివక్షను ఖండించడానికి నాకు నల్లరంగు పూశారు. మేకప్ మనిషి పాపం మొహమాటపడుతూ, మెడకు కూడా పూయాలన్నాడు. లేకపోతే తేడా తెలుస్తుందట.

వేదిక మీద నిర్మాత చాలా బాగా మాట్లాడాడు. గొంతు రెండుచోట్ల వణికింది. నన్ను చూపించి "ఈ అమ్మాయి... మన అమ్మాయి..." అని తడుముకున్నాడు. ఎన్నో సినిమాలకు గొంతు తీసుకున్నాడు గాని పేరెప్పుడూ అవసరం పడలేదు. చివరికి "తెలుగు జాతి ఆడబిడ్డ" అని సర్దుకున్నాడు. జాతి ఒకటేనని రచయిత అన్న మాట అక్కడ ఉపయోగపడింది.

అప్పుడు ఒక విలేకరి లేచాడు. "ఏమ్మా, ఆయన జాత్యహంకారి అంటారా?"

ఈ గొడవంతటిలో నన్నొకరు అడగటం అదే మొదలు. చదవమని నాకు ముందే ఒక కాగితం ఇచ్చారు. అందులో నా ఆత్మగౌరవం గురించి నిర్మాత గుమాస్తా రాసిన మంచి వాక్యాలున్నాయి. నేను వాటిని అచ్చం సినిమా గొంతుతో చదవగలను. కానీ నోరు తెరిస్తే తలుపు బయట విడిచివచ్చిన భాష వచ్చింది.

"జాత్యహంకారం గిట్ల నాకు తెల్వదు సార్. గా మాటన్నప్పుడు మాత్రం నాకు మస్తు గుస్సా వచ్చింది. అన్నది ఒక్కడే, నవ్వింది శానామంది. అందరికంటె గట్టిగ నవ్వినాయన గూడ గీడనే ఉన్నడు. ఆయన్ని గూడ ఓసారి అడుగుండ్రి."

ఎవరూ ఎవర్నీ అడగలేదు. నిర్మాత మైకు అందుకుని, "అమ్మాయి ఆవేదనలో ఉంది. చూశారా, భాష కూడా గతి తప్పింది" అన్నాడు. వెంటనే టిఫిన్లు పెట్టమన్నాడు. ఇడ్లీ, మైసూరు బజ్జీ. పత్రికల వాళ్ళు శ్రద్ధగా తిన్నారు.

మర్నాటి పత్రికలో నా ఫోటో పెద్దగా వేశారు. కింద "కంటతడి పెట్టిన కళాకారిణి" అని ఉంది. నేను ఏడవలేదు. లైట్ల వేడికి పూసిన రంగు కారింది.

తర్వాత కొన్ని నెలలపాటు ఆ థియేటర్ నుంచి నాకు కబురు రాలేదు. శ్రీనగర్ కాలనీలో ఇంకో థియేటర్ ఉంటే అక్కడికి వెళ్ళి, సీరియళ్ళలో అత్తగార్లకూ వదినగార్లకూ గొంతిచ్చాను. గయ్యాళి పాత్రలకు నేను బాగా సరిపోతానని పేరొచ్చింది.

ఈలోగా నాయకుడు గుట్ట ఇప్పించాడు.

ఆ గుట్ట మీదే నిర్మాత కొత్త సినిమా ముహూర్తం. పాత సినిమా ఆడింది నా గొంతు వల్లనేనని దర్శకుడికి నమ్మకం. నేను లేకపోతే సినిమా చేయనన్నాడట. అలా మళ్ళీ పిలుపు వచ్చింది. వెళ్ళాను. క్లాప్ కొట్టింది నాయకుడే. నిర్మాత కనిపించిన వాళ్ళందరికీ చెబుతున్నాడు. "ఆయన మనసు వెన్నండీ. నోటికొచ్చింది అనేస్తాడు గాని, జాతి, రంగు అని చూసే మనిషి కాదు. అయినా జాత్యహంకారం అనాలంటే రెండు జాతులుండాలి గదండీ?"

కాఫీ బల్ల దగ్గర రచయిత వేరే గుంపుతో ఉన్నాడు. నాయకుడు ఆయన్ని ఉపన్యాసాలు రాయడానికి పిలవడం మానేశాడని అప్పటికే అందరికీ తెలుసు. "పచ్చి జాత్యహంకారి. దక్షిణాఫ్రికాలో పుట్టాల్సినవాడు పొరపాటున ఇక్కడ పుట్టాడు" అంటున్నాడు. ఇద్దరూ ఇళ్ళు మారినట్టు వాదనలు మార్చుకున్నారు. ఒక్క సామాను కూడా పోలేదు.

నాయకుడు వెళుతూ వెళుతూ నన్ను గుర్తుపట్టి ఆగాడు. ఆయన కళ్ళలో నిజంగానే ఆప్యాయత ఉంది. ఏదో సరిదిద్దాలన్న తాపత్రయం కూడా ఉంది.

"ఏమ్మా, బాగున్నావా? అప్పటికంటే కాస్త రంగు తేలావే!"

పక్కనే నిర్మాత మురిసిపోయాడు. నాకు కోపం రావాలి. రాలేదు. ఆ పెద్దాయన తనకు తెలిసిన అతి పెద్ద మంచిమాట వెతికి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"లేదండీ, పైన షామియానా తెల్లగుడ్డది. ఆ వెలుగండీ" అన్నాను. ఆయన తలెత్తి షామియానా చూశాడు. ఆ క్షణంలోనే నాకు ధైర్యం వచ్చింది. "సార్, సినిమాలో మా పేరు వెయ్యరండి. ఈసారన్నా వేయించండి" అన్నాను.

"వేయవయ్యా, పేరుకేం?" అన్నాడు ఆయన నిర్మాతతో, కారెక్కుతూ.

నిర్మాత వేయక తప్పలేదు. సినిమా వచ్చిన వారానికి అమ్మను తీసుకెళ్ళాను. అమ్మకు చదువు రాదు. తెర మీద అక్షరాలు పడ్డప్పుడల్లా "గిదేనా?" అని మోచేత్తో పొడుస్తూ వచ్చింది. చివరికి నా పేరు వచ్చింది. ఇదే అన్నాను. "గంత సన్నగ రాసిండ్రేందే?" అంది. అయినా పక్క సీటామెను తట్టి లేపి మరీ చెప్పింది. ఇంటర్వెల్ దాకా కథానాయికను పరీక్షగా చూసి, చివరికి నా చెవిలో అంది.

"పిల్ల మంచిగనే ఉన్నది గని, గట్ల పాలిపోయిందేందే? పానం బాగలేదా?"