సీసం చెయ్యి

శనివారం పొద్దున పిన్ని ఫోన్ చేసి, "బాబాయి లేవలేదమ్మా" అంది. ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. లేవకపోతే పడుకోనీ, రిటైరైన మనిషి, తొందరేముంది అనుకున్నాను. ఆ తర్వాత ఆమె ఊపిరి వినిపించింది. అప్పటికే నేను పాత జీన్సు, పొడుగు చేతుల నూలు చొక్కా వేసుకుని, షూ లేసులు కట్టుకుంటున్నాను. శనివారాలు మేమిద్దరం సీసం కరిగించే రోజులు.

మీలో చాలామందికి ఇది వింతగా ఉంటుంది. మా బాబాయి, అంటే నాన్న పినతల్లి కొడుకు, కాపెల్ అనే ఊళ్ళో తన గరాజ్‌లో తుపాకీ గుళ్ళు పోతపోసేవాడు. ఇంట్లోకి గుడ్డు కూడా రానివ్వని మనిషి. టెలికాం కంపెనీలో ముప్పై ఏళ్ళకు దగ్గరగా పనిచేసి రిటైరయ్యాక, తోటివాళ్ళు గోల్ఫ్‌కి వెళ్తుంటే ఈయన షూటింగ్ రేంజ్‌కి వెళ్ళడం మొదలుపెట్టాడు. కొన్న గుళ్ళు మనసుకు పట్టక సొంతంగా పోసుకోవాలనుకున్నాడు. ఆర్థిక మాంద్యంలో కంపెనీలు మనుషుల్ని తీసేస్తున్న రోజులవి. నా పెళ్ళి కూడా అప్పుడే ముగిసింది. "ఒక్కదానివే అపార్ట్‌మెంట్‌లో ఏం చేస్తావు, శనివారం వచ్చెయ్, పని ఉంది" అన్నాడు. ఏం పనో చెప్పలేదు.

అచ్చు ఎంచుకోవడం నాకు బాగా గుర్తు. డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని వరసగా చూపించాడు. "అల్యూమినియం అయితే ఇట్టే వేడెక్కుతుంది, ఇట్టే చల్లారుతుంది, కొత్త అల్లుడిలాగా. ఇత్తడి నిదానం. కానీ పట్టిన వేడి వదలదు. బరువు మాత్రం చెయ్యి పీకేస్తుంది."

వంటింట్లోంచి పిన్ని అడిగింది, "మరి మీరు ఏ లోహమో?"

"నేనా? తుప్పు పట్టిన ఇనుమునే! నూనె రాసి పెట్టుకోవాలి."

"రాస్తూనే ఉన్నాగా ఇన్నేళ్ళూ."

ఆయనకు కావలసింది ముక్కు దగ్గర గుంట ఉండే గుండు. అచ్చు అడుగు నుంచి ఒక సన్నని పిన్ను లోపలికి పెట్టి పోస్తే, పిన్ను ఉన్నంత మేర సీసం చేరదు, గుంట మిగులుతుంది. నాలుగు గుళ్ళు ఒకేసారి పడే అచ్చులు ఉన్నాయి. వాటిలో పిన్నులు అచ్చుకే అతుక్కుని ఉంటాయి, తీసి పెట్టే శ్రమ లేదు. నేను అదే కొనమన్నాను. ఆయన ఒక్క గుండు మాత్రమే పడే ఇత్తడి అచ్చు, విడిగా పెట్టి తీసే పిన్ను ఉన్నది ఎంచుకున్నాడు.

"ఇది నత్తనడక బాబాయ్. ప్రతిదానికీ పిన్ను పెట్టాలి, తియ్యాలి."

"నాలుగు గుళ్ళది కొంటే మరి నీకు పనేముంటుంది తల్లీ?"

అప్పటికే ఆయన వేళ్ళు వణికేవి. గరిటెతో సీసం పోయడం వరకూ ఎలాగో చేసేవాడు గానీ పిన్ను ఆ సన్నని రంధ్రంలో పెట్టడం ఆయన వల్ల కాదు. కాబట్టి పోత ఆయనది, పిన్ను నాది. మొదట్లో ఆయన పోసిన వెంటనే నేను పిన్ను లాగేసేదాన్ని, గుంట వంకర పోయేది. "అన్నం వార్చినట్టు తొందరపడకు, పైన మెరుపు తగ్గనీ" అనేవాడు. ఆలస్యం చేస్తే పిన్ను చల్లబడి, తర్వాతి గుండు ముడతలు పడేది. ముడతలు పడ్డ వాటిని తిరిగి మూకుడులో వేస్తూ, "మొదటి అట్టు పెనానిది" అనేవాడు. అచ్చు మరీ వేడెక్కితే గుళ్ళు విభూతి పూసినట్టు తెల్లబడేవి. అప్పుడు ఇద్దరం ఏమీ చేయకుండా గరాజ్ తలుపు కింద నుంచి వచ్చే గాలికి కూర్చునేవాళ్ళం. నా జీవితంలో ఎవరి పక్కనా అంత నిమ్మళంగా కూర్చోలేదు. విడాకుల సంగతి ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. అందుకే అన్నీ చెప్పుకున్నాను.

సీసం విషయంలో మహా పట్టింపు మనిషి. ఫ్యాన్ తిరుగుతుండాలి, గరాజ్‌లోకి కాఫీ రాకూడదు. పిన్ని గుమ్మం దగ్గర నిలబడి గ్లాసు చూపిస్తే, తోలు గ్లోవ్స్ తీసి, బయటి పంపు దగ్గర మోచేతుల దాకా కడుక్కుని గానీ ముట్టుకునేవాడు కాదు. నా భుజం తట్టాలన్నా అంతే. చెయ్యి ఎత్తి, మళ్ళీ దించేసి, "సీసం చెయ్యి తల్లీ, దగ్గరికి రాకు" అనేవాడు.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. జువాలజీలో పీహెచ్‌డీకి ఈ దేశం వచ్చినదాన్ని నేను. ప్రయోగం అయ్యాక ఎలుకల్ని చంపాల్సి వచ్చేది. అది నావల్ల కాక మధ్యలో మానేసి స్టాటిస్టిక్స్‌లోకి మారాను. నాన్న ఫోన్‌లో మండిపడితే, "అన్నయ్యా, దాని చేతికి చంపడం రాదు. అది లోపం కాదు" అని సర్దిచెప్పింది ఈ బాబాయే. కాబట్టి ముక్కున గుంట ఉన్న గుళ్ళు దేనికో ఎక్కడో చదివిన రోజు, నేను పిన్ను బల్ల మీద పెట్టేసి అడిగాను.

"బాబాయ్, ఇవి ఒంట్లోకి దిగి విచ్చుకుంటాయట కదా?"

"అవి వేరు. మనది రేంజ్‌లో కాగితం గురి వ్యవహారం. గుంట ఉంటే బరువు వెనక్కి జరిగి సూటిగా పోతుంది."

"నిజంగా? ప్రాణం ఉన్నదేదీ లేదుగా?"

"నా మీద అనుమానమా!" అని నవ్వాడు. నేను నవ్వలేదు. అప్పుడాయన లేచి వచ్చి, నా తల మీద చెయ్యి పెట్టాడు. "నీ మీద ఒట్టు. కాగితం తప్ప ఇంకోటి ముట్టను. చాలా?" వెంటనే చెయ్యి తీసేసి, "ఇంటికెళ్ళగానే తలస్నానం చెయ్యి" అన్నాడు. నేను మళ్ళీ పిన్ను అందుకున్నాను.

ఒట్లను నమ్మే మనిషిని కాను. ప్రతిదాన్నీ అనుమానించడమే నా వృత్తి, నా స్వభావం కూడా. కానీ ఆ చెయ్యిని నమ్మాను.

ఫ్యూనరల్ హోమ్‌లో జనం బారులు తీరి ఉన్నారు. బాబాయి స్నేహితుడొకాయన, డెంటిస్టు, ఊరికి దూరంగా రాంచ్ ఉన్న పెద్దమనిషి, నన్ను వెతుక్కుంటూ వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నువ్వేనా అమ్మా ఆ బుల్లెట్స్ చేసే అమ్మాయివి! ఎన్నాళ్ళనుంచో థాంక్స్ చెప్పాలనుకుంటున్నా."

"దేనికంకుల్?"

"అడవి పందులమ్మా. నా రాంచ్ అంతా దున్నిపారేస్తాయి. రైఫిల్ ఏదైనా బల్ల మీద ఆనించుకుంటే చాలు, మీ బాబాయికి వణుకు ఉండేది కాదు. ఆ బుల్లెట్ ఉందే, లోపలికెళ్ళి పువ్వులా విచ్చుకుంటుంది, ఒక్కటి చాలు. తిననివాడు, ముట్టనివాడు, పాపం పడినవన్నీ నాకే వదిలేసేవాడు. 'మా అమ్మాయి చేతి పని, ఎంత నీట్‌గా ఉందో చూడు' అని అందరికీ చూపించేవాడు. వాట్ ఎ మ్యాన్!"

నా చేతులు ఆయన చేతుల్లోనే ఉన్నాయి. వెనక్కి తీసుకోవడం తోచలేదు. ఎదురుగా పూలమధ్య బాబాయి ముఖం, ఏమీ ఎరగనట్టు. అప్పటిదాకా వచ్చిన ఏడుపు టక్కున ఆగిపోయింది. ఆ తర్వాత ఎంత ప్రయత్నించినా రాలేదు.

గుండులోనే అంతా ఉంది, చూడగలిగితే. కాగితానికైతే అంత మెత్తని సీసం ఎందుకు? అంత వెడల్పు గుంట ఎందుకు? గట్టిగా ఉండాలని నేను ఇంకేదో కలపబోతే "వద్దు, మెత్తగానే ఉండనీ" అని ఎందుకన్నట్టు? అంకెల్లో దాగిన అబద్ధాలు పట్టుకుని బతికే నేను, అరచేతిలో ఇంకా గోరువెచ్చగా ఉన్నదాన్ని చదవలేకపోయాను.

దహనం అయ్యాక ఇంట్లో పిన్నిని పక్కకు పిలిచి అడిగాను. ఆమె తడబడలేదు.

"తెలుసమ్మా. మొదటిసారి వెళ్ళొచ్చినప్పుడు దేవుడి గదిలోకి అడుగుపెట్టలేదు. గట్టిగా అడిగితే చెప్పారు. దాని మీద ఒట్టేసి ఇదేం పని అన్నాను. పిల్లకి చెప్పెయ్యండి అన్నాను. చెప్తే ఇక రాదు అన్నారు."

"నేను రాకపోతే గుళ్ళు ఉండవనా పిన్నీ? లేక నేనే ఉండననా?"

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "అది ఆయన్ని అడగాల్సిన మాట. నాకేం తెలుసు?"

ఆ మాట ఇప్పుడు అడగడానికి లేదు. ఈ ఒక్కటీ తేలితే చాలు నాకు. నా చేతుల కోసం పిలిచాడా, నా కోసం పిలిచాడా? గుళ్ళే కావాల్సి ఉంటే నాలుగు గుళ్ళ అచ్చు కొనుక్కునేవాడు, అందులో వణికే వేళ్ళకు పనే లేదు. నా కోసమే అయితే, ఎలుకను చంపలేని నా చేతికి ఆ పిన్ను ఎలా ఇవ్వగలిగాడు? ప్రేమతో ఆడిన అబద్ధమని నాకు సర్దిచెప్పకండి. నన్ను నిలబెట్టిన శనివారాలు ఆయనవే. ఆ శనివారాల్లో నా చేత చంపించిందీ ఆయనే. కృతజ్ఞత ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు.

ఇంటికి వచ్చి, చావు ఇంటి నుంచి వచ్చిన అందరిలాగే తలస్నానానికి వెళ్ళాను. మొదటి చెంబు నెత్తిన పోసుకోగానే ఆ పాత తలస్నానం గుర్తొచ్చింది. ఆ రోజు జుట్టులోంచి, సీసంలో మలినం తేలడానికి వేసే మైనం కాలిన వాసన, తోలు వాసన ఎంత రుద్దినా పోలేదు. తోలు వాసన!

కాఫీ గ్లాసుకు తీసేవాడు. ప్రసాదానికి తీసేవాడు. నా భుజం తట్టడానికి తీయకుండా ఒక్కసారైనా చెయ్యి వేయలేదు. ఒట్టు వేసిన ఆ ఒక్క రోజే గ్లోవ్ తీయలేదు. మరిచాడేమో. లేక ఆ మాట నిలబడదని వేసేటప్పుడే తెలిసి, దాని కీడు నాకు తగలకుండా నడుమ తోలు అడ్డం పెట్టుకున్నాడేమో.

నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఆ గరాజ్ వెలుగులో ఆయన నా ముందు నిలబడి ఉన్నాడు, మసిబారిన గ్లోవ్ నా తల మీద ఆనీ ఆనకుండా, మరో గ్లోవ్ గాలిలో సన్నగా వణుకుతూ.